తీసేసిన చప్పుళ్లు

ఫిల్మ్‌నగర్‌లో మా స్టూడియో ఉన్న సందులో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు ఇల్లు పడగొడుతూనో కడుతూనో ఉంటారు. డ్రిల్లింగు మిషన్లు, కాంక్రీటు లారీలు, వాటి వెనక ఇరుక్కున్న కార్ల హారన్లు. నా గదికి రెండు తలుపులు. రెండూ వేసుకుంటే అవేవీ వినిపించవు. ఆ రెండో తలుపు వెనక కూర్చుని ముప్పై ఏళ్లుగా సినిమాలకి చప్పుళ్లు సమకూరుస్తున్నాను. హీరో నడిస్తే చెప్పుల చప్పుడు, హీరోయిన్ తిరిగితే గాజులు, వాన, కిర్రుమనే గుమ్మం. అన్నిటికంటే ఎక్కువ అడవులు. మనవాళ్లకి అడవంటే మహా ఇష్టం. అక్కడ పాటలు పాడతారు, తన్నుకుంటారు, దారి తప్పుతారు. అక్కడ నిజంగా ఏం వినిపిస్తుందో మాత్రం ఒక్కడికీ అక్కర్లేదు.

నాది ఒంగోలు వైపు. మిషన్ కాంపౌండులో పెరిగాను. ఇప్పుడు శ్రీనగర్ కాలనీలో ఒక పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఈ గది. ఒంటరిదాన్నని చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. పొద్దున్న పాలతనితో ఒక మాట మాట్లాడితే, మళ్లీ సాయంత్రం దాకా నా గొంతు నాకే వినిపించని రోజులు బోలెడు. అసలుందో పోయిందో చూసుకుందామని లిఫ్టులో కీర్తన ముక్క ఒకటి పాడుకున్న రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు చెప్పేది ఒక అడవి సంగతి. పేరు చెప్పను. హైదరాబాదు నుంచి బస్సులో అరపూట ప్రయాణం, తర్వాత ఆటో, తర్వాత నడక. ప్రభుత్వ అడవి. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు నలభై నిండలేదు. ఒక పాట తీయడానికి వందమందిమి దిగాం. పాట అయిపోయి అందరూ బస్సులెక్కుతుంటే నేను మాత్రం రెండు రోజులుండి అడవి చప్పుళ్లు రికార్డు చేసుకుంటానన్నాను. ఒంటరి ఆడమనిషిని ఎలా వదిలేస్తామని అటవీ శాఖవాళ్లు ఒక వాచరుని తోడిచ్చారు. ఖాకీ చొక్కా, లుంగీ, చేతిలో కర్ర. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. పక్క ఊరే ఆయనది.

మొదటి రోజే ఆయనతో పోట్లాడాను. కొండ ఆ పక్క ఒక ముక్క మొత్తం నరికేసి ఉంది. నేల మీద మోళ్లు, అక్కడక్కడా తెల్లరంగు పట్టీ వేసిన పెద్ద చెట్లు నాలుగైదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"కాపలా మనిషివి కదా, ఎదురుగా ఉండి నరికిస్తావా?" అన్నాను. ఏకవచనంలోనే అన్నాను, కోపంలో.

ఆయనకి కోపం రాలేదు. ఒక మోడు దగ్గర కూర్చుని కర్రతో చూపించాడు. మోడు చుట్టూ వేలెడంత చిగుళ్లు. "జుట్టు తీయించుకుంటే తలకాయ పోతదా మేడమ్? తలకాయ కొయ్యద్దు, గంతే."

అడవిని ముక్కలుగా గీసి, ఏడాదికి ఒక ముక్క మాత్రమే కోస్తారట. ఆ ముక్కని కూపు అంటారు. తెల్ల పట్టీ వేసినవి తల్లిచెట్లు, విత్తనం రాల్చడానికి వదిలేసినవి. వాటి మీద గొడ్డలి పడకూడదు. ఒకసారి కోసిన ముక్కని మళ్లీ ఎప్పుడు ముట్టుకుంటారని అడిగితే, అప్పుడే పుట్టిన తన మనవడి సంగతి చెప్పాడు. "వాడు పెండ్లీడుకొచ్చే దాంక ముట్టద్దు. గా లెక్క మా నాయిన కాలం నుంచి నడుస్తున్నది." కోసిన కలపలో కొంత ఊరికి, మిగతాది సర్కారుకి. అడవీ ఉంటుంది, ఊరి పొయ్యీ వెలుగుతుంది. అడవిని కాపాడటమంటే చెట్టు ముట్టుకోకపోవడమే అనుకునే నాకు ఆయన మాటలు అరగడానికి చాలా ఏళ్లు పట్టింది.

మా పనిలో ఒక ఆచారం ఉంది. ఎక్కడ షూటింగ్ జరిగినా ప్యాకప్ చెప్పేముందు ఒక నిమిషం ఎక్కడివాళ్లక్కడ నిలబడి నోరు మూసుకోవాలి. మనుషులు కదలకుండా ఉంటే ఆ చోటు ఎలా వినిపిస్తుందో ఆ నిమిషం రికార్డు చేస్తాం. దాన్ని రూమ్ టోన్ అంటాం. అడవైనా, చెరువు గట్టైనా పేరు అదే. తర్వాత ఎడిటింగులో మాటల మధ్య ఖాళీ వస్తే దీంట్లోంచి ముక్క కోసి అతికిస్తాం. యూనిట్‌కి ఈ నిమిషమంటే గిట్టదు. ఒకడు ఫోన్ చూసుకుంటాడు, ఒకడు గొంతు సవరించుకుంటాడు, అందరూ నన్ను చూసి పళ్లు నూరుతారు. ఆ పాట ప్యాకప్ రోజు, నాకింకా తోడివ్వకముందే, షూటింగ్ దగ్గర కాపలాకి ఉన్న ఆ వాచరు ఒక్కడే కళ్లు మూసుకుని చక్కగా నిలబడ్డాడు. అయిపోయిందని చెయ్యి ఊపితే, "అప్పుడే ఐపాయెనా? ఇంకోటి పట్టున్రి మేడమ్" అన్నాడు.

తర్వాత ఏటా వెళ్లాను. స్టూడియోలో లైబ్రరీకి కావాలని చెప్పేదాన్ని. లైబ్రరీకేం అవసరం లేదు, నాకే అవసరం. తెల్లవారుజామున నల్లమద్ది చెట్టు కింద మైకు పెట్టి ఒక పక్క నేను, ఇంకో పక్క ఆయన. గంటలు గంటలు పలుకూ ఉలుకూ లేకుండా కూర్చునేవాళ్లం. నా జీవితంలో నా పక్కన అంతసేపు కూర్చున్న మనిషి ఇంకొకరు లేరు. ఇది ప్రేమా అని అడిగితే ఫట్‌మని ఒకటి ఇస్తాను. ఆయనకి భార్య ఉంది, పిల్లలున్నారు, ఆవిడ చేతి జొన్నరొట్టె ఎన్నోసార్లు తిన్నాను. పక్కన ఒక మనిషి ఉన్నాడు, అంతే. అదే నాకు చాలా ఎక్కువ.

ఆయనకి పొడిదగ్గు. మైకులో పడేది. "అన్నా, మీకు దండం పెడతాను, ఈ పది నిమిషాలు దగ్గకండి" అని బతిమాలేదాన్ని. దగ్గొక్కటే కాదు. ఆవుల మెడలో గంటలు. తునికాకు కోసే ఆడవాళ్లు ఒకరినొకరు పిలుచుకునే కేకలు. ఇప్పపువ్వు ఏరుకునే ముసలావిడ, తనలో తను మాట్లాడుకునేది. దూరంగా కూపులో గొడ్డలి దెబ్బ. అన్నీ మైకులో పడేవి. ఫిల్మ్‌నగర్ తిరిగొచ్చి, ఈ గదిలో కూర్చుని, అన్నిటినీ తీసేసేదాన్ని. మా భాషలో అవి నాయిస్. ఒక ఆవు గంట చప్పుడుని పక్కనున్న పిట్ట కూతకి దెబ్బ తగలకుండా తీయడం ఎంత కష్టమో మీకు తెలీదు. ఆ పనిలో నా చేతికి పేరుంది. గర్వంగానే ఉండేది.

అలా శుభ్రం చేశాక డైరెక్టరొచ్చి వింటాడు. "మేడమ్, అడవి అడవిలా లేదండీ. డల్‌గా ఉంది" అంటాడు. నిజమైన అడవి చాలాసేపు ఊరికే ఉంటుంది. సినిమాలో ఊరికే ఉంటే ఎలా? అందుకని వేరే చోట్ల పట్టిన పిట్టల్ని తెచ్చి కలుపుతాం. ఒక నెమలి, రెండు కోయిలలు, కేరళ కొండల్లో దొరికిన ఈలపిట్ట ఒకటి. సినిమా రిలీజయ్యాక హార్డ్‌డిస్కుల్లో అసలు రికార్డింగులు తుడిచేసి, కొత్త సినిమాకి వాడుకుంటాం. కలిపి పెట్టినది మాత్రం దాస్తాం. ఇక్కడ అందరూ చేసేది ఇదే. ఒక్కరోజు కూడా ఇందులో తప్పుందని నాకు తోచలేదు.

పోయిన ఎండాకాలం రాకముందు ఆయన ఫోన్ చేశాడు. మామూలుగా క్రిస్మస్‌కి తప్ప చేయడు.

"మేడమ్, మా కొండకి కొత్త ప్లాన్ వచ్చింది. ముక్కల లెక్క బంద్. మొత్తం ఒక్కసారే సాఫ్ చేసి నీలగిరి చెట్లు పెడ్తరట."

"తల్లిచెట్లో?"

"అన్నీ."

కాగితంలో ఏం రాశారో చెప్పాడు. పాడైపోయిన అడవి, చెప్పుకోదగ్గ పిట్టా జంతువూ లేవు, ఊరివాళ్ల వాడకమూ లేదు. ఊరి కమిటీ అభ్యంతరం చెబితే, పై ఆఫీసరు వింటానన్నాడట. మంచివాడేనట. కానీ నోటిమాట వద్దు, పాత ఆధారం ఏదైనా తెండి అన్నాడట. పదిహేను రోజులు గడువు. ఊళ్లో ఎవరి దగ్గరా ఫోటోలు లేవు. ఉన్నా పెళ్లి ఫోటోలే. "మీరు పదైదేండ్ల సంది పట్టుకపోయిన్రు గదా మేడమ్. ఆవులు, ఆడోళ్లు, పిట్టలు, అన్నీ మీ డబ్బాల ఉన్నయి. గవి విన్పిస్తే సాలు" అన్నాడు.

"ఫికర్ చేయకండి" అన్నాను, ఎప్పుడూ ఆయన అనే మాటే ఆయనకి అప్పజెప్పి. నా దగ్గరున్నాయనే నమ్మాను. నా దగ్గర లేకపోతే ఇంకెవరి దగ్గరుంటాయి?

ఆయన వస్తున్నాడంటే గది ఊడ్పించాను. రెండో కుర్చీ మీదున్న వైర్లూ డబ్బాలూ తీసి, దుమ్ము దులిపాను. ఆ కుర్చీలో ఎవరైనా కూర్చుని ఎన్నాళ్లయిందో. టోలిచౌకి నుంచి బిర్యానీ తెప్పించాను. పదకొండింటికి రావాల్సిన మనిషి పన్నెండున్నరైనా రాలేదు. చూస్తే గేటు దగ్గర మా సెక్యూరిటీ ఆయన్ని ఆపేసి, జూనియర్ ఆర్టిస్టుల ఆఫీసుకి దారి చెబుతున్నాడు. ఆ మీసం, ఆ తలపాగా చూసి వేషం కోసం వచ్చాడనుకున్నాడు. ఈయన ఓపిగ్గా, "నేను యాక్టర్ని కాదు బిడ్డా, వాచర్ని" అంటున్నాడు. ఏ సినిమాలో వాచరు వేషమని అతను అడుగుతున్నాడు. నవ్వొచ్చింది నాకు. ఆ రోజు నేను నవ్వింది అదొక్కసారే.

కూర్చోబెట్టి, పెద్ద స్పీకర్లలో మొదటి ఫైలు పెట్టాను. ఆయన అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. అర నిమిషం కాకుండానే తెరిచాడు.

"ఎవరు మేడమ్ ఈలేస్తున్నది?"

"పిట్ట అన్నా."

"మా తాన గట్ల కూసే పిట్ట లేదు."

ఇంకో ఫైలు పెట్టాను. ఇంకోటి. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. నాకు చిరాకొచ్చి, "మీ అడవే అన్నా, పేరు చూడండి, నా చేత్తో రాసుకున్నాను" అన్నాను. ఆయన తెర వైపు చూడలేదు. వింటున్నాడు.

"ఆవుల గంటలేవి?"

ఫైలు ఆపేశాను.

"తునికాకు ఆడోళ్లు ఎటువొయిన్రు? ముసలామె? నేను దగ్గిన గదా, మీరు తిట్టిన్రు. అదేది?"

"తీసేశాను" అన్నాను.

"ఎందుకు మేడమ్?"

ఎందుకో ఏమని చెప్పను? అవి అడవి కాదనుకున్నానని ఆయనతో అనలేకపోయాను. తల కొట్టేసినట్టయింది. అల్మారాలో డిస్కులన్నీ కింద పోసి ఒక్కొక్కటీ పెట్టి చూశాను. బిర్యానీ చల్లారిపోయింది. ఒకదాంట్లో టీవీ సీరియల్ ఏడుపులు, ఇంకోదాంట్లో కారు ఛేజింగు, ఇంకోదాంట్లో ఎవరో పిల్లాడి బారసాల. పదిహేనేళ్లు ఆయన పక్కన కూర్చుని పట్టుకున్నదంతా నేనే, ఈ చేతుల్తోనే, శుభ్రంగా తుడిచేశాను. పిట్టలైతే ఉన్నాయి, కానీ ఏది ఆ కొండదో, ఏది నేను తెచ్చి కలిపిందో నాకే తెలీదు.

అప్పుడు నా బుద్ధి ఎటు పోయిందో కూడా దాచను. "అన్నా, ఆ ఆఫీసరుకి ఏం తెలుస్తుంది? వీటినే ఇద్దాం. కావాలంటే సాయంత్రానికి గంటలు కలుపుతాను. కేకలు కూడా ఉన్నాయి, వేరే ఊరివి" అన్నాను. అంత నేర్పు నాకుంది. ఎవరూ పట్టుకోలేరు.

ఆయన పట్టుకున్నాడు కదా అప్పటికే. "వద్దు మేడమ్. కాగితం మీద వాళ్లు అబద్ధం రాసిన్రని మేం చెప్పవోతున్నం. మళ్ల మనం గదే చేస్తే ఎట్ల?" అన్నాడు. మెల్లగానే అన్నాడు.

చివరికి ఒక్కటి దొరికింది. ఆ మొదటి ఏడాది పాట షూటింగుది, రూమ్ టోన్. పొరపాటున వేరే ఫోల్డరులో పడి బతికిపోయింది. దానికి ఏమీ కలపలేదు. పెట్టాను. ఒక నిమిషం. గాలి, పైన ఎక్కడో ఆకు ఆకుకి తగలడం, ఒక ఎండుటాకు రాలడం. ఆయన కళ్లు మూసుకుని పూర్తిగా విన్నాడు.

"గిది మాదే" అన్నాడు. "నల్లమద్ది కిందిది."

అంతలోనే ఇద్దరికీ ఒకటే తట్టింది. అందులో పిట్ట లేదు, ఆవు లేదు, మనిషి లేడు. వందమందిని నోరు మూయించి తీసిన నిమిషం అది. ఇది తీసుకెళ్లి ఆఫీసరుకి వినిపిస్తే, కాగితంలో వాళ్లు రాసిందే నిజమని మేమే ఒప్పుకున్నట్టు. ఆయన ఆ నిమిషాన్ని ఇంకోసారి పెట్టమన్నాడు. విని, లేచాడు.

చల్లారిన బిర్యానీ తిన్నాం. బాగుందన్నాడు. చెక్‌పోస్ట్ దాకా నడుద్దామంటే జూబ్లీహిల్స్ రోడ్డున తీసుకెళ్లాను. దారిలో పెద్ద పార్కు గోడ వచ్చింది. గోడ మీంచి కనిపిస్తున్న కొమ్మల్ని చూసి ఆగాడు.

"గిది గవర్నమెంటుదేనా?"

"ఆఁ, అడవే. గోడ కట్టారు."

"కొయ్యరా?"

"కోస్తే ఊరుకుంటారా? పెద్దపెద్దవాళ్లు వాకింగుకి వస్తారిక్కడ."

కొమ్మల మీంచి చూపు తిప్పి, "మా తాన వాకింగ్ చేసెటోళ్లు లేరు మేడమ్" అన్నాడు. వేళాకోళం కాదు, మామూలుగానే అన్నాడు. బస్సు ఎక్కేముందు మాత్రం ఒక మాటడిగాడు. "మీరొచ్చి చెప్తరా? పదైదేండ్ల సంది విన్నోళ్లు. మీ మాట రాసుకుంటరు."

వస్తానన్నాను.

వెళ్లలేదు. ఆ వారం ఒక పెద్ద సినిమా మిక్సింగు పడింది, రిలీజు నెత్తి మీదుంది. అందరికీ ఆ కారణమే చెప్పాను. అది సాకు. ఒక్క రోజు సెలవడిగితే ఇచ్చేవాళ్లే. వెళ్లి ఏమని చెప్పాలి? ఇవన్నీ విన్నానండీ, విని చెరిపేశానండీ అనా? ఆ మాట నలుగురి ముందు అనడానికి నాకు సిగ్గేసింది. నా సిగ్గు కోసం ఆయన్ని ఒక్కణ్ణి పంపాను. ఆ రోజంతా ఈ గదిలో కూర్చుని, ఒక హీరో కత్తి దూసే చప్పుడుని ఇరవై రకాలుగా చేశాను.

ఊరివాళ్లు వెళ్లారట, నోటితోనే చెప్పారట. ఆఫీసరు మర్యాదగా విని, రాసుకుని, ఆధారమేదీ సమర్పించలేదని కింద ఒక లైను రాశాడట. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది.

తర్వాత చాలా రోజులు ఆయన ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. చేద్దామని ఫోన్ తీసి, పెట్టేసిన రోజుల లెక్క లేదు. పక్క కుర్చీ మీద మళ్లీ వైర్లు చేరాయి. శ్రీనగర్ కాలనీకి నడిచి వెళ్తుంటే ఎక్కడ ఆవు మెడ గంట వినిపించినా ఆగిపోయేదాన్ని. ఈ ఊళ్లో ఎక్కడుంటాయి, గుడి దగ్గర ఒకటో రెండో.

వానలు మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం ఆయనే చేశాడు. నేను గదిలో ఉన్నాను. హలో అన్నానో లేదో, "ఐపోయింది" అన్నాడు.

"మొత్తమా?"

"తలకాయతో సహా."

ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఏడుస్తూనే, "నేను రావాల్సింది అన్నా, నాదే తప్పు" అన్నాను. ఆయన కాదని అనలేదు. ఓదార్చడానికైనా అనలేదు. నాకు అదే మేలనిపించింది.

కాసేపటికి, "కోసే మిషన్లోళ్లు బువ్వకు పోయిన్రు. నేను నల్లమద్ది మోడు కాడ ఉన్న. డబ్బా ఉన్నదా నీ తాన?" అన్నాడు. మొదటిసారి నువ్వు అన్నాడు.

"ఉంది."

"పట్టుకో మల్ల. ఊకో చెల్లె, ఏడ్వకు, నీ ఏడుపు పడ్తది."

ఫోనుని మిషనుకి కలిపి, రికార్డింగు నొక్కాను. ఏడుపు దిగమింగుకుని, చేతిలో గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆయన అక్కడ ఫోను పైకెత్తి పట్టుకున్నట్టున్నాడు. గాలి వస్తోంది. వచ్చి, దేనికీ తగలకుండా పోతోంది. ఆకు లేదు, పిట్ట లేదు, గంట లేదు. ముప్పై ఏళ్లలో నా దగ్గరికి అంత శుభ్రమైన రికార్డింగు ఎప్పుడూ రాలేదు. తీసేయడానికి అందులో ఏమీ లేదు.

యాభై సెకన్లు దాటాక ఆయన దగ్గాడు. రెండుసార్లు. ఆపుకోవాలని చూసి ఆపుకోలేక దగ్గాడు, నాకు తెలుస్తూనే ఉంది. "అయ్యో, పడ్డదా? ఇంకోటి పట్టుకో" అన్నాడు.

"వద్దన్నా" అన్నాను. "ఇదే ఉంచుకుంటాను."